నీకేమి కావలెనని అడిగితిమా?



గడచిన సంవత్సరము కోతలు ముగిసిన పిమ్మట ఒక ఆదివారము సాయంకాలమున మా యౌవనస్థులు గుడి గోడకు తెల్లని దుప్పటి కట్టి ఒక వీడియో చూపించిరి. అది కంటి జబ్బులను గూర్చి జనులకు బోధించుటకు తీసిన చిత్రము. పట్టణములో కంటి శిబిరము నడిపినవారు మా పిల్లలలో ఒకని ఫోనుకు దానిని పంపియుండిరి.

మొదట ఒక వీధియు, అందులో నడచు మనుష్యులును స్పష్టముగా కనబడిరి. శుక్లము ముదిరినవానికి ఆ వీధియే మంచు కమ్మినట్లుండునని చూపించిరి. నీటికాసుల జబ్బు, అనగా గ్లాకోమా, ముదిరినవానికి అంచులన్నియు మాసిపోయి, గొట్టములోనుండి చూచినంత మాత్రమే మిగులునని చూపించిరి. కడపట తెర అంతయు నలుపైపోయెను. చిత్రములో మాట యేమియు లేదు. వాద్య ధ్వనియు, తెరమీద అక్షరములును మాత్రమే యుండెను. స్త్రీలలో కొందరు కన్నీరు తుడుచుకొనిరి. నేను లేచి, మాకు చూపు నిచ్చినందుకు దేవునికి వందనములు చెల్లించుచు ప్రార్థించితిని.

జనులు లేచి పోవుచుండగా రెండవ వరుసలో కూర్చున్న మా సంఘపు పెద్ద ఒకాయన నన్ను పిలిచెను. ఆయనకు 65 సంవత్సరములు. నులక మంచములు అల్లుటలో మా చుట్టుప్రక్కల ఆయనను మించినవారు లేరు. గ్లాకోమా వలన ఆయన చూపు పోయి ఏడు సంవత్సరములైనది.

"అయ్యగారూ, ఇంతసేపూ తెరమీద ఏం చూపించారండీ? వాద్యాలు వినబడ్డాయి గాని మాట వినబడలేదు" అని ఆయన అడిగెను.

నాకు నోట మాట రాలేదు. అంధులను గూర్చిన చిత్రము మేమందరము చూచితిమి. మా మధ్య కూర్చున్న అంధునికి మాత్రము అది అందలేదు. పైగా ఆయన వినుచుండగానే, మేము ఆయనవంటివారము కానందుకు నేను వందనములు చెల్లించితిని. దేవాలయములో సుంకరిని చూచి పరిసయ్యుడు చేసిన ప్రార్థన నాకు జ్ఞాపకము వచ్చి సిగ్గుపడితిని.

నేను ఆయన ప్రక్కన కూర్చుండి చిత్రమంతయు చెప్పితిని. కడపట తెర నల్లబడినదని చెప్పగానే ఆయన నవ్వెను.

"చీకటని ఎవరు చెప్పారండీ వాళ్ళకి? చీకటి కూడా కంటికి కనబడేదే గదండీ. నాకు వెలుగూ లేదు, చీకటీ లేదు. మీ వీపుకి ఏం కనబడుతుందో నా కంటికీ అంతేనండి."

"అయితే మీకు కష్టముగా నుండునది ఏమి?" అని అడిగితిని. ఏడు సంవత్సరములలో ఈ ప్రశ్న ఆయనను నేనడుగుట అదే మొదటిసారి.

ఆయన కొంతసేపు ఆలోచించెను. "కళ్ళు పోయిన మొదటి యేడు చాలా ఏడ్చానండి. తరువాత చేతులకి అలవాటైపోయింది. ఇప్పుడు కష్టం ఏమిటంటే, ఇంటికి వచ్చినవాళ్ళు నన్ను అడగరండి. నా యెదుటే మా కోడల్ని, మీ మామగారు టీ తాగుతారా అని అడుగుతారు. మాట్లాడుతూ మాట్లాడుతూ చెప్పకుండా లేచి వెళ్ళిపోతారు. నేను ఖాళీ కుర్చీతో మాట్లాడుతూ ఉంటాను." ఒక నిమిషము ఆగి మరల అనెను. "మీరేమీ అనుకోకపోతే ఇంకొకటి చెబుతానండి. నన్ను పాటలు ఎత్తడం మానిపించారు గదా. కళ్ళు పోయాయి గాని గొంతు పోలేదండి."

ఆ మాట నాకు ముల్లువలె గ్రుచ్చుకొనెను. ఆయన ఇరువది సంవత్సరములు మా ఆరాధనలో పాటలు ఎత్తినవాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో ఎన్నో ఆయనకు కంఠస్థము. చూపు పోయినప్పుడు, "ఇక మీరు విశ్రాంతి తీసికొనుడి" అని నేనే చెప్పి ఆ పని మరియొకనికి అప్పగించితిని. దయ చూపుచున్నాననుకొంటిని. విశ్రాంతి కావలెనా అని ఆయనను మాత్రము అడుగలేదు.

చదువరులారా, ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. అడుగకుండ చేసిన దయ ప్రేమ యగునా? ఒకని కన్నులు పోయినవని మనము జాలిపడి, ఆ జాలితోనే అతని పనిని, అతని మాటను, అతని స్థానమును తీసివేసినచో, అతనికి కలిగిన నష్టములో ఎంత జబ్బు వలన కలిగినది, ఎంత మన వలన కలిగినది?

యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయము చూడుడి. పుట్టు గ్రుడ్డివాడు దారిలో కూర్చుండియుండగా, శిష్యులు అతని పాపమా, తలిదండ్రుల పాపమా అని చర్చ మొదలుపెట్టిరి. అతని చెవులు బాగుగానే యున్నవి గదా! తన్ను గూర్చి తన యెదుటనే జరుగుచున్న ఆ చర్చను అతడు వినుచునే యుండవలెను. శిష్యులకు అక్కడ ఒక ప్రశ్న కనబడెను, ప్రభువునకు ఒక మనుష్యుడు కనబడెను. తరువాత అధికారులు తలిదండ్రులను పిలిపించి విచారించిరి. అతనికి వయస్సు వచ్చినదనియు, అతనినే విచారింపవలసినదనియు వారు చెప్పిరి. భయముచేత చెప్పినను అది న్యాయమైన మాట. మన యిండ్లలో కోడలిని అడుగువారందరు ఆ మాట నేర్చుకొనవలెను.

యెరికో దారిలో బర్తిమయి కేకలు వేసినప్పుడు జనులు అతనిని ఊరకుండుమని గద్దించిరి. ప్రభువు ఆగి, అతనిని పిలిపించి, తాను అతనికేమి చేయవలెనో అడిగెను. గ్రుడ్డివానికి ఏమి కావలెనో ప్రభువునకు తెలియదా? తెలిసియు అడిగెను. అడుగుటలోనే ఘనత యున్నది.

అడుగకపోవుట వలన మంచివారు సహితము తప్పిపోవుదురు. 1785లో పారిస్ పట్టణమున వాలెంటిన్ హాయి అను దయగల పండితుడు అంధ బాలురకు పాఠశాల పెట్టెను. కాగితముమీద అక్షరములను ఉబ్బెత్తుగా అచ్చువేయించి, వ్రేళ్లతో తడిమి చదువుట నేర్పించెను. అది గొప్ప కార్యమే. అయితే అవి కంటికొరకు పుట్టిన అక్షరములు గనుక వ్రేలికి కష్టముగా తెలియును. ఆ పాఠశాలకే లూయీ బ్రెయిలీ అను బాలుడు వచ్చెను. అతడు 1809లో పుట్టి, మూడేండ్ల ప్రాయమున తండ్రి తోలుపని కొట్టులో కంటికి ఆర గ్రుచ్చుకొని, క్రమముగా రెండు కన్నులును పోగొట్టుకొన్నవాడు. ఉబ్బెత్తు చుక్కలతో వ్రాయు ఒక పద్ధతి అంతకుముందే యుండెను. అతడు దానిని సరిచేసి, ఆరు చుక్కలలో అక్షరములన్నిటిని ఇమిడ్చి, 1829లో ప్రచురించెను. అయినను 1852లో అతడు చనిపోయిన రెండేండ్లకు గాని ఫ్రాన్సు దేశములో దానికి అధికార గుర్తింపు రాలేదు. నేడు తెలుగు బ్రెయిలీ అక్షరములును ఆ ఆరు చుక్కలతోనే వ్రాయుచున్నారు. వ్రేలికి తగిన అక్షరమేదో వ్రేలితో చదువువానికే తెలిసెను.

మన కాలపు సంగతి ఒకటి చెప్పెదను. అమెరికాలో ఆరియెల్ సిల్వర్‌మన్ అను పరిశోధకురాలున్నారు. ఆమె తానే చూపులేనివారు. ఆమెయు తోటివారును చేసిన పరిశోధన 2015లో అచ్చయినది. చూపు గలవారికి కండ్లకు గంతలు కట్టి కొన్ని పనులు చేయించిరి. తరువాత వారి అభిప్రాయములు అడుగగా, అంధులు ఉద్యోగము చేయుటకును, స్వతంత్రముగా బ్రదుకుటకును అంత సమర్థులు కారని వారు తలంచినట్లు తేలెను. ఏలయనగా వారు అనుభవించినది గంత కట్టిన మొదటి గడియలోని భయము. ఏండ్ల తరబడి నేర్చుకొన్న నేర్పు అందులో లేదు. మా తెరమీది నలుపును అట్టిదే. ఆ నలుపు చూచి యేడ్చినవారు, చూడకుండ మంచము అల్లుచున్న చేతులను చూడలేదు.

అయితే అట్టి చిత్రములు వ్యర్థములని నేను చెప్పుట లేదు. ఆ రాత్రి ఆ పెద్దాయన నాతో చెప్పిన కడపటి మాట ఇది: "అయ్యగారూ, నీటికాసులు ఇంటి వరుసలో వస్తుందని మా డాక్టరుగారు అన్నారండి. మా తమ్ముడు నేను చెబితే వినడు. ఆ వీడియో వాడికి చూపించండి." చూపించితిమి. తమ్ముడు భయపడి ఆసుపత్రికి వచ్చెను. కంటిలో ఒత్తిడి పెరిగియున్నదని, నరము కొంత చెడినదని వైద్యులు చెప్పి చుక్కల మందు ఇచ్చిరి. పోయిన చూపు తిరిగి రాదు. మిగిలిన చూపు నిలుచుటకు ప్రతిదినము మందు వేసికొనుచున్నాడు.

శుక్లమైతే శస్త్రచికిత్సతో చూపు తిరిగి వచ్చును. మధుమేహము గలవారు బాధ లేకున్నను ఏటేట కన్ను వెనుక భాగము చూపించుకొనవలెను. కోతలలో కంటికి వడ్లగింజ తగిలినచో ఆకు పసరు పోయక వెంటనే వైద్యుని యొద్దకు పోవలెను. లోకములో 220 కోట్ల మందికి తక్కువ కాకుండ ఏదో ఒక చూపు లోపమున్నదనియు, వారిలో కనీసము 100 కోట్ల మందికి అది నివారింపదగినది లేక ఇంకను సరిచేయబడనిది అనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినది. ఈ సంగతులు తెలిసిన తరువాత, ప్రార్థించి ఊరకుండుట విశ్వాసము కాదు, అశ్రద్ధ.

కాబట్టి సంఘములో ఇట్టి చిత్రము చూపించునప్పుడు, తెరమీద నున్నదానిని ఒకరు బిగ్గరగా చెప్పవలెను. చూపులేనివారు తామే మాటలాడు చిత్రములు, వంట చేయుట, కర్రతో నడచుట, ఫోను చదివి వినిపింపగా పని చేసికొనుట చూపు చిత్రములు ముందుగా ఎన్నుకొనుడి. చూపులేనివారిని కలిసికొన్నప్పుడు మీ పేరు చెప్పుడి. వెళ్లునప్పుడు వెళ్లుచున్నామని చెప్పుడి. చేయి పట్టి లాగవద్దు, మీ మోచేతిని వారికి అందించుడి. అన్నిటికంటె ముందు, ఏమి కావలెనో వారినే అడుగుడి.

తరువాతి ఆదివారము నేను సంఘము యెదుట నా తప్పు ఒప్పుకొని, పాట ఎత్తవలెనని ఆ పెద్దాయనను అడిగితిని. ఆయన లేచి, గొంతు సవరించుకొని, పుస్తకము తెరువకయే మొదలుపెట్టెను. రెండవ చరణములో పుస్తకము చూచుచు పాడుచున్న నేనే తప్పితిని. ఆయన స్వరము పెంచి నన్ను సరిచేసి ముందుకు సాగెను.

ఏడు సంవత్సరములు ఆ స్వరమును మేము పోగొట్టుకొంటిమి. మీ సంఘములో ఎవరి స్వరము మౌనముగా నున్నదో, ఈ వారమే వెళ్లి అడుగుడి.