ధరయు విశ్వాసమును

తరతరాలుగా మగ్గమును నమ్ముకొని షోలాపురమున స్థిరపడిన తెలుగువారము మనము. 2005-06లో భౌగోళిక గుర్తింపు పొందిన షోలాపురపు దుప్పటికి చౌక నకళ్లు పోటీకి రాగా, అసలుదానినే కొనుడని లోకమును వేడుచున్నాము. అట్టి మనమే నాలుగు రూపాయలు కలిసివచ్చునని వీధిచివరి కిరాణాకొట్టును విడుచుట న్యాయమా? 2020 లాక్‌డౌనులో మగ్గములాగిపోయినపుడు ఖాతా వ్రాసికొని వెచ్చములిచ్చినది ఆ కొట్టే గదా!

అయినను, చాలీచాలని కూలితో బిడ్డలను పోషించు ఇల్లాలు చౌకను వెదకుట దోషమని మేమనజాలము. తూకము తగ్గించు వర్తకునికి విశ్వాసమును కోరు హక్కును లేదు.

మాకు తోచినది ఒక్కటే: విడుచుటకు ముందు ధరలోని తేడాను అతనికే చెప్పుదము. తగ్గింపగలిగిన తగ్గించును, లేనిచో పాత బాకీ తీర్చి, చెప్పి సెలవు తీసికొందము. అతని కంటబడకుండ వేరొక వీధిని నడచుటయే కృతఘ్నత.