నేర్చుకునే గంట ఎవరిది?

ఉద్యోగం చేస్తున్న స్త్రీ కొత్తగా ఏదైనా నేర్చుకోవాలనుకుంటే ఆ సమయం ఎక్కడి నుంచి రావాలి? మనలో చాలామందిమి ఈ ప్రశ్న వేసుకోకుండానే జవాబు చెప్పేశాం. పిల్లలు పడుకున్నాక, వంటిల్లు సర్దాక, లేదా తెల్లవారుజామున లేచి. పార్ట్‌టైమ్ పిహెచ్‌డిలు అలాగే చేశాం, కథలు అలాగే రాశాం. గొప్పగా చెప్పుకున్నాం కూడా. నిద్రలోంచి కోసి తెచ్చుకున్న ఆ గంటల ఖరీదు ఎవరు చెల్లించాలన్నది మాత్రం అడగలేదు.

మా పిన్ని కూతురి వల్ల నాకీ ప్రశ్న కొత్తగా ఎదురైంది. తనది గుంటూరు. బి.కాం. చదివి, పెళ్లయ్యాక ఇంగ్లండ్ వెళ్లింది. లెస్టర్‌లో వృద్ధుల సంరక్షణ గృహాలు నడిపే ఒక సంస్థ ఆఫీసులో ఆరేళ్లుగా పనిచేస్తోంది. ముప్ఫై తొమ్మిదో ఏట, ఆ పూర్తికాలపు ఉద్యోగం చేస్తూనే, అదే సంస్థలో హెచ్.ఆర్. అప్రెంటిస్‌గా చేరింది.

అప్రెంటిస్ అనగానే మనకు ఐటిఐ చదివి స్టైపెండ్ మీద పనిచేసే కుర్రాడు గుర్తొస్తాడు. మన 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం అతన్ని శిక్షణ పొందే వ్యక్తి అంటుందే తప్ప కార్మికుడు అనదు. ఇంగ్లండ్‌లో అప్రెంటిస్ అంటే ఉద్యోగి. పదహారేళ్లు దాటితే చాలు, పై వయసుకు పరిమితి లేదు. చేస్తున్న ఉద్యోగంలో ఉంటూనే చేరవచ్చు. జీతమిచ్చే పనిగంటల్లోనే శిక్షణకు సమయం ఇవ్వాలి. 2022 వరకు పనిగంటల్లో అయిదో వంతు అనేవారు. తర్వాత లెక్కకట్టే పద్ధతి మారింది గాని సూత్రం మారలేదు. పనివేళలు దాటి శిక్షణ సాగితే ఆ మేరకు సెలవో జీతమో ఇవ్వాలి.

నేర్చుకోవడం కూడా పనేనని ఒప్పుకోవడం చిన్న విషయమేమీ కాదు. అదే ఇంగ్లండ్‌లో 1563 నాటి చట్టం చాలా చేతివృత్తులకు ఏడేళ్ల అప్రెంటిస్‌షిప్ తప్పనిసరి చేసింది. వృత్తులు ఎక్కువగా మగపిల్లలకే దక్కాయి. చర్చి పరిధిలోని పేద ఆడపిల్లలను అధికారులు అప్రెంటిస్‌లుగా ఇళ్లకు అప్పగించినప్పుడు, వాళ్లు నేర్చుకోవలసిన విద్య కింద చాలాసార్లు రాసింది ‘ఇంటిపని’ అని. అంటే అంట్లు తోమడం, నీళ్లు మోయడం. చాకిరీకి శిక్షణ అని పేరు పెడితే కూలి ఇవ్వక్కర్లేదు.

హెచ్.ఆర్. అనే వృత్తికీ ఇలాంటి వెనుకకథ ఉంది. 1896లో యార్క్ నగరంలోని రౌంట్రీ చాక్లెట్ ఫ్యాక్టరీలో పనిచేసే ఆడపిల్లల బాగోగులు చూడడానికి మేరీ వుడ్ అనే ఆమెను నియమించారు. 1913లో అదే ఊళ్లో ఇలాంటి సంక్షేమ ఉద్యోగులు సంఘం పెట్టుకున్నారు. బ్రిటన్‌లో హెచ్.ఆర్. వాళ్ల ప్రధాన సంస్థ సిఐపిడి మూలాలు అందులోనే ఉన్నాయి. ఫ్యాక్టరీలో ఆడవాళ్ల కష్టం వినడానికి ఇంకో ఆడమనిషిని పెట్టడంతో మొదలైన పని, మనుషుల్ని ‘వనరులు’గా లెక్కపెట్టే దాకా వచ్చింది. మా చెల్లెలు నేర్చుకుంటున్నది ఈ రెండు ముఖాలున్న పనిని.

అప్రెంటిస్ తన శిక్షణ గంటలను నమోదు చేయాలి. ఏ రోజు, ఎంతసేపు, ఏం నేర్చుకుంది. మేనేజర్ ఆమెకు బుధవారం మధ్యాహ్నాలు ఇచ్చింది, కాగితం మీద. బుధవారం వచ్చేసరికి నైట్ డ్యూటీకి ఎవరో రాలేదని ఫోను, జీతం తప్పు పడిందని ఇంకో ఫోను. చదువు ఆదివారం రాత్రికి జరిగేది. నెలాఖరున మేనేజర్ అంది: ‘అవన్నీ బుధవారాల కింద వేసెయ్. గంటలు గంటలేగా!’ ఆమె చెడ్డమనిషి కాదు. తనే ఇద్దరి పని చేస్తోంది.

చెల్లెలు ఫోన్ చేసింది. ‘అక్కా, చదివింది నిజం. గంటలు నిజం. వారం ఒక్కటే అబద్ధం. రాస్తే ఏం పోతుంది?’

నిజమే, ఏం పోతుంది? మామూలుగా అబద్ధం ఇతరుల సొమ్ము కోసం ఆడతారు. ఇక్కడ తన సొమ్మే పోయింది. పోయినదాన్ని తనే దానంగా ఇచ్చినట్టు కాగితం రాయమంటున్నారు. స్త్రీలకు బాగా అలవాటైన ఔదార్యం ఇది. అయితే ఆ కాగితం ఆమె ఒక్కదానిది కాదు. రేపు ఇంకో అమ్మాయి చేరితే, ‘ఆవిడ బుధవారాల్లోనే పూర్తి చేసింది, నీకేమైంది?’ అంటారు. మన ఇళ్లలో ‘మా అమ్మ ఉద్యోగమూ చేసింది, పదిమందికి వండీ పెట్టింది’ అనే మాట కోడళ్ల మీద పనిచేసేది ఇలాగే. అమ్మ పోగొట్టుకున్న నిద్ర ఆ లెక్కలో ఉండదు. ఇంకొకటి. రేపు రాత్రి షిఫ్టు ఆయాల హాజరు పట్టీలు చూడవలసింది ఈమే. తన ఆదివారాన్ని బుధవారంగా రాయడం అలవాటైన చెయ్యి, వాళ్ల అదనపు గంటలను ఎలా రాస్తుంది?

ఇలా అంటూనే నాకు సందేహం. నియమం తప్పింది సంస్థ అయితే, నిజాయితీ పరీక్ష అందరికంటే కింద ఉన్న మనిషికి ఎందుకు పెట్టాలి? నిజం రాస్తే మేనేజర్‌తో పేచీ, చదువు ఆగిపోతుందేమోనన్న భయం. ఆ భయమేదీ లేకుండా హైదరాబాద్‌లో కూర్చున్న నాకు ధైర్యం బోధించే హక్కెక్కడిది? నీకేది మంచిదనిపిస్తే అది చెయ్యమన్నాను.

ఆమె ‘ఆదివారం, రాత్రి 9 నుంచి 11’ అనే రాసింది. సమీక్షలో శిక్షకుడు మేనేజర్‌ను అడిగాడు. చదువు ఆగలేదు. బుధవారం మధ్యాహ్నాలు నిజంగానే దొరికాయి. ఫోన్లు మాత్రం ఆగలేదు కదా! అవి పక్క టేబుల్ దగ్గర పార్ట్‌టైమ్ పనిచేసే ఆమెకు మళ్లాయి. ఆమె గంటలు పెరగలేదు, జీతం పెరగలేదు. ‘నా ఆదివారం ఇప్పుడు ఆమె బుధవారం మీద పడిందక్కా’ అంది చెల్లెలు.

అసలు ప్రశ్న అప్పుడు తేటపడింది నాకు. పనిని తగ్గించకుండా, ఇంకో మనిషిని పెట్టకుండా ఇచ్చిన సమయం ఒక స్త్రీ దగ్గర తీసి ఇంకో స్త్రీకి ఇచ్చినదే. మన చదువులూ రాతలూ అంతే కదా. మనం పుస్తకం తెరిచిన గంటలో అమ్మో, అత్తగారో, పనిమనిషో మన పని చేస్తూనే ఉన్నారు. హక్కు సంపాదించుకున్నామని సంతోషించే ముందు, ఆ గంట పని ఎవరి చేతుల్లోకి వెళ్లిందో అడగాలి. అడగడమంటే చదువు మానుకోవడం కాదు. ఆ గంట ఖరీదు పక్కనున్న ఆడమనిషి కాక, లాభపడే సంస్థ, మగవాళ్లూ ఉన్న కుటుంబం భరించాలని పట్టుబట్టడం.

చెల్లెలికి తర్వాతి అసైన్‌మెంట్ పనిభారం పంపిణీ మీద. బుధవారాల్లో పక్క టేబుల్‌కి వచ్చిన ఫోన్లను ఆమెతో కలిసి లెక్క రాస్తోంది. ఈసారి కాగితం మీద రెండు పేర్లున్నాయి.