ఈ బిడ్డ ఎవరి బాధ్యత?



యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయములో త్రోవ ప్రక్కన ఒక పుట్టుగ్రుడ్డివాడు మనకు కనబడుచున్నాడు. శిష్యులు వానిని చూచినప్పుడు వారి నోట వచ్చిన మొదటి మాట, దీనికి కారణమైన పాపము వీనిదా, వీని కన్నవారిదా అను ప్రశ్నయే. వాని పేరేమి, వాడు తిని యెంతసేపైనది, చీకటి పడిన తరువాత వానిని ఇంటికి చేర్చువారెవరు అని వారు అడుగలేదు. ప్రభువు ఆ ప్రశ్నకు ఒప్పుకొనలేదు. తప్పు ఇతనిది కాదు, ఇతని తలిదండ్రులదియు కాదు అని చెప్పి, వెలుగున్నప్పుడే చేయవలసిన పనివైపు వారి మనస్సులను త్రిప్పెను.

ఆ పాత ప్రశ్న మన పల్లెలలో నేటికిని చావలేదు. ఒక ఇంట మూడేండ్లు నిండినను మాటరాని బిడ్డ యున్నాడనుకొనుడి. పేరుపెట్టి పిలిచినను తిరిగి చూడడు. డోలు మ్రోగినప్పుడు చెవులు మూసికొని కేకలు వేయును. ఇరుగుపొరుగువారు ఆ యింటికి సాయము తీసికొని పోకముందే కారణము తీసికొని పోవుదురు. తల్లి కడుపుతో నున్నప్పుడు గ్రహణము చూచినదందురు. గాలి సోకినదందురు. తాతలు చేసినది తగిలినదందురు. విశ్వాసులలో సయితము కొందరు, ఆ తలిదండ్రుల ప్రార్థన చాలలేదందురు. ఈ మాటలు వేర్వేరుగా కనబడినను వాటి పని ఒక్కటే. ఆ బిడ్డను ఆ యింటి లెక్కలో వ్రాసివేసి మనము చేతులు కడిగికొనుటకు అవి సాధనములు. కనుక ఈ నెల ఒక ప్రశ్నను విచారింతము. ఇట్టి బిడ్డ కన్నవారి బాధ్యత మాత్రమేనా? సంఘమునకును ఊరికిని అందులో పాలున్నదా? ఉన్నచో మనము చేయునది దయయా, బాకీయా?

ఈ స్థితిని ఆటిజము అందురు. ఇది అంటువ్యాధి కాదు, పిచ్చి కాదు, దయ్యము పట్టుట కాదు. మెదడు ఎదిగెడి తీరులోనే యున్న భేదమిది. ఏడాది నిండిన తరువాత పేరు పిలిచినను పలుకకుండుట, ఏడాదిన్నరకైనను వ్రేలితో వస్తువును చూపకుండుట, రెండేండ్లకైనను రెండు మాటలు కలిపి పలుకకుండుట, వస్తువులను మరల మరల వరుసగా పేర్చుచుండుట, దినచర్య కొంచెము మారినను తట్టుకొనలేకపోవుట మొదలైనవి దాని గురుతులు. వీటిలో ఒకటి కనబడినంతమాత్రమున అది ఆటిజమని తలంపరాదు గాని, వైద్యునికి చూపక ఆలస్యము చేయరాదు. ఈ బిడ్డలలో కొందరు చదువుకొని ఉద్యోగములు చేయుచున్నారు. కొందరు జీవితమంతయు మాటలేకయే యుందురు. మాట రానివాడు ఏమియు గ్రహింపలేడనుకొనుట పొరపాటు. దీనిని పోగొట్టు మందు లేదు గాని, చిన్ననాటనే శిక్షణ మొదలుపెట్టినచో బిడ్డకు చాల మేలు కలుగును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021వ సంవత్సరమునకు వేసిన అంచనా ప్రకారము సుమారు 127 మందిలో ఒకరికి ఆటిజమున్నది. అనగా మనకు తెలియని దూరదేశపు సంగతి కాదు; మన మండలములోనే ఇట్టి యిండ్లు అనేకమున్నవి.

పల్లెవారు మాత్రమే నింద వేసిరనుకొనవద్దు. 1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు 11 మంది బిడ్డలను గూర్చి వ్రాసి ఆటిజమును లోకమునకు తెలిపెను. తరువాత కొందరు పండితులు, తల్లి మనసులో ప్రేమ చల్లారుటచేతనే బిడ్డ ఇట్లగునని బోధించిరి. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ వ్రాసిన పుస్తకము ఆ మాటను మరింత వ్యాపింపజేసెను. రాత్రింబవళ్లు బిడ్డను మోసిన తల్లులే దోషులుగా నిలువబడిరి. అయితే బెర్నార్డ్ రిమ్లాండ్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు, తానే అట్టి బిడ్డకు తండ్రియైనవాడు, 1964లోనే ఆ బోధను ఖండించుచు గ్రంథము వ్రాసియుండెను. 1977లో కవలలపై జరిగిన పరిశోధన, ఇందులో పుట్టుకతో వచ్చు కారణములకు పెద్ద పాలున్నదని చూపెను. 1998లో టీకాలపై నింద వేసిన వ్యాసము తప్పుడుదని తేలగా, 2010లో ఆ పత్రికయే దానిని ఉపసంహరించుకొనెను. శిష్యుల ప్రశ్ననే పండితులును అడిగిరి. వారును త్రోవ తప్పిరి.

మేలు మరియొక వైపునుండి వచ్చెను. 1962లో ఇంగ్లండులోను, 1965లో అమెరికాలోను, 1991లో మన ఢిల్లీలోను ఇట్టి బిడ్డల తలిదండ్రులు పూనుకొని సంఘములు స్థాపించుకొనిరి. మూసిన తలుపుల వెనుక ఏడ్చుచున్నవారు ఒకరినొకరు కనుగొనిరి. బడులు, శిక్షణలు, చట్టములు అటుపిమ్మట ఒకటొకటిగా వచ్చెను.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. పౌలు గలతీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయములో, ఒకచోట మనము ఒకరి భారమును ఒకరము పంచుకొనవలెనని చెప్పుచు, మూడు వచనములు దాటగానే, ఎవరి బరువు వారే మోయవలెనని చెప్పుచున్నాడు. ఇది విరోధముగా కనబడును గాని, గ్రీకు మూలములో ఈ రెండు చోట్ల రెండు వేర్వేరు మాటలున్నవి. మొదటిది మనిషిని క్రుంగదీయు భారము. రెండవది బాటసారి తన భుజమున వేసికొను మూట. పొలము పని చేయు మీకు ఇది సులభముగా బోధపడును. గడ్డిమోపును మోయువాడు ఒక్కడే. అయినను దానిని నెత్తికెత్తుకొనుటకు మరియొకని చేయి కావలెను. త్రోవను పోవు అన్యుడైనను, చేయి వేయుమని పిలిచినచో కాదనడు. తల్లి ప్రేమను తల్లియే ఇయ్యవలెను. ఆమె స్థానమున మనము నిలువజాలము. కాని నిద్రలేని రాత్రులు, పోయిన కూలి, ఆఫీసుల చుట్టు తిరుగుట, జనుల చూపులు, రేపటి భయము, ఇవన్నియు ఆమె ఒక్కతె నెత్తికెత్తుకొనజాలని మోపు. క్రుంగదీయునది బిడ్డ కాదు, చేయి వేయువాడు లేకపోవుటయే.

మేమే కూలి చేసికొని బ్రతుకువారము, మేమేమి చేయగలమని మీరందురేమో. మార్కు సువార్త రెండవ అధ్యాయములో పక్షవాయువుగలవానిని మోసినవారు నలుగురు. వారు ధనవంతులని వ్రాయబడలేదు. తలుపు దగ్గర చోటులేకున్న ఇంటికప్పు విప్పిరి. మనకును నాలుగు పనులున్నవి.

మొదటిది, తల్లికి విశ్రాంతి. వారమునకు రెండు గంటలైనను ఒక సహోదరి ఆ యింటికి పోయి బిడ్డయొద్ద కూర్చుండవలెను. ఏ శబ్దమునకు బెదరును, ఏది తినును, ఏది చూపిన శాంతించును అని ముందుగా తల్లినే అడిగి తెలిసికొనవలెను. బిడ్డతో చిన్న మాటలు చెప్పి, వస్తువునో బొమ్మనో చూపి, జవాబునకు ఓపికతో కనిపెట్టవలెను. ఆరాధనలో మైకునకును డోలునకును దూరముగా, ద్వారము దగ్గర వారికొక చాప వేయుడి. బిడ్డ కేక వేసినప్పుడు వెనుకకు తిరిగి చూడకుడి. ఆ చూపునకు భయపడియే ఎందరో తల్లులు గుడి మానుకొనుచున్నారు.

రెండవది, ఆఫీసులకు తోడు పోవుట. 2013 నుండి జరుగుచున్న బాలల ఆరోగ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు అంగన్‌వాడీలలోను బడులలోను బిడ్డలను పరీక్షించి, ఎదుగుదల మందగించినవారిని జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రమునకు పంపును. మండలములలో ప్రత్యేక అవసరములుగల పిల్లలకు భవిత కేంద్రములున్నవి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము పేర్కొనిన 21 వైకల్యములలో ఆటిజము ఒకటి. వైకల్యము 40 శాతమునకు తగ్గని బిడ్డకు 6 మొదలు 18 ఏండ్లవరకు దగ్గరి బడిలోగాని, తాము కోరిన ప్రత్యేక పాఠశాలలోగాని ఉచితముగా చదువు పొందు హక్కున్నది. సదరము శిబిరములో సర్టిఫికెటు పొంది అర్హులైనవారికి పింఛను వచ్చును. అది తెలంగాణలో 2023లో నెలకు 4,016 రూపాయలకును, ఆంధ్రలో 2024లో 6,000 రూపాయలకును పెంచబడెను. సికింద్రాబాదులో 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థలో పరీక్షయు శిక్షణయు దొరకును. మన దేశములో ఆటిజమును కొలుచు ప్రమాణము అక్కడనే తయారైనది. ఇవన్నియు కాగితముమీద దగ్గర. కూలివానికి ఒక్కొక్కటి ఒక దినపు కూలి దూరము. చదువు వచ్చిన యౌవనస్థుడొకడు దరఖాస్తు వ్రాసి, వెంట బస్సెక్కినచో ఆ దూరము సగమగును.

మూడవది, కాపలా. ప్రార్థన చేయుడి, మానకుడి. కాని బాగుచేయుదునని సొమ్ము అడుగువాడు, దయ్యమని చెప్పి బిడ్డను కొట్టువాడు, కట్టివేయువాడు, పస్తుంచువాడు ఏ పేరుతో వచ్చినను ఆ గుమ్మము దాటనీయకుడి. విసిగిన తల్లి పుస్తె అమ్మి అట్టివాని చేతిలో పెట్టకముందే మనము ఆమె యొద్ద నుండవలెను. బిడ్డ మారినప్పుడే చేర్చుకొందుమనువాని ప్రార్థనలో ప్రేమ లేదు.

నాలుగవది, మేము పోయిన తరువాత వీనికి దిక్కెవరు అను భయము. ఆ తలిదండ్రులు పైకి చెప్పరు గాని, పండుకొనిన ప్రతి రాత్రియు ఈ భయము వారితో పండుకొనును. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము దీనికి కొంత జవాబిచ్చుచున్నది. బిడ్డకు 18 ఏండ్లు నిండిన తరువాత, కలెక్టరు అధ్యక్షతనుండు స్థానిక కమిటీ, అవసరమైనచో చట్టబద్ధమైన సంరక్షకుని నియమింపవచ్చును. ఆ ట్రస్టు వారి నిరామయ పథకమున లక్ష రూపాయలవరకు ఆరోగ్య భీమా యున్నది. అయితే సంరక్షకుడుగా నిలుచుటకు మనిషి కావలెను. మనిషిని చట్టము పుట్టింపదు. మరియు ఆ యింట అక్క యున్నచో, సంబంధము తప్పిపోవునని తమ్ముని గదిలో దాచుచున్నారు. పెండ్లిచూపులకు పోవు పెద్దలారా, ఆ తమ్ముని చూచి వెనుకకు మరలువారు మీరు కాకుందురుగాక.

ఇది దయయా, బాకీయా? మన సంఘములలో శిశువును దేవుని సన్నిధికి తెచ్చిన దినమున సంఘము లేచి నిలిచి, ఈ బిడ్డ పెంపకములో మేమును తోడుందుమని మాట ఇచ్చును. ఆ దినమున ఆ శిశువునకు మాట వచ్చునో రాదో ఎవరికిని తెలియదు. మాట వచ్చినచో తోడుందుమని మనము షరతు పెట్టలేదు. గనుక ఇది బాకీయే. దయను మానుకొనినవానిని ఎవరును అడుగరు, బాకీని అడుగవచ్చును. ఆ తల్లి అడుగకపోయినను ప్రభువు అడుగును.

ఈ నెల సంఘపు కమిటీ కూడినప్పుడు కానుకల లెక్క చూచిన తరువాత మరియొక లెక్క చూడుడి. మన ఊరిలో గుడికి రావడము మానుకొనిన ఇట్టి యిల్లు ఏది? దానికి నలుగురి పేర్లు వ్రాయుడి. ఆ యింటికి పోయినప్పుడు ఎందువలన ఇట్లయినదని అడుగక, ఏ దినమున రమ్మందురని అడుగుడి.