సేదరపేట్‌లో ఉన్న మేనకోడలికి

అమ్మడూ,

సోర్ బి మైనర్ స్టడీ గిటారు మీద వాయించి పంపావు, విన్నాను. స్వరాలన్నీ సరిగ్గానే పడుతున్నాయి. అయినా "పాటలా లేదు మామయ్యా, టైపు కొట్టినట్టుంది" అని నువ్వే రాశావు. ఆ లోటు నీ చెవికి పట్టిందంటే సగం పని అయినట్టే. మిగతా సగం గురించి నాకు తోచింది చెబుతాను.

ముందు గోళ్ల సంగతి. సేదరపేట్ పారిశ్రామికవాడలో షిఫ్టు చేసే చేతికి గోళ్లు నిలవవు. పెరిగినట్టే పెరిగి, ఏ అట్టపెట్టె అంచుకో తగిలి విరుగుతాయి. దానికి దిగులుపడకు. ఆ స్టడీ రాసిన ఫెర్నాండో సోరే గోళ్లు లేకుండా వాయించేవాడు తల్లీ. 1778లో బార్సిలోనాలో పుట్టాడు, 1839లో పారిస్‌లో పోయాడు. అతని స్నేహితుడు అగ్వాదోది గోళ్ల పద్ధతి. ఈ విషయంలో ఇద్దరిదీ చెరో దారి అయినా, కలిసి వాయించుకోవడానికి ‘ఇద్దరు స్నేహితులు’ అనే పేరుతో సోర్ రెండు గిటార్ల రచన చేశాడు. కాబట్టి గోరు లేకపోవడం లోపం కాదు. ఒక వేలికి గోరు ఉండి పక్క వేలికి లేకపోతేనే చిక్కు. ఒక స్వరం ఖంగుమంటుంది, పక్కది మొద్దుగా వస్తుంది. ఒక్కటి విరిగిందా, మిగతావీ దానికి సమంగా తగ్గించేసి, అంచులు సన్నటి ఎమరీ కాగితంతో నున్నగా రుద్దు.

ఇక అసలు విషయం. ఈ స్టడీ 1828లో అచ్చయిన ఓపస్ 35లో 22వది. గిటారు విద్వాంసుడు సెగోవియా కూర్చిన ఇరవై స్టడీల పుస్తకంలో ఐదోది. బారు తర్వాత బారు ఒకే తీరుగా నడుస్తుంది కనుక కుడిచేయి ఆ తీరుకు అలవాటుపడి అన్ని స్వరాలనూ ఒకే బలంతో మీటేస్తుంది. నీకు టైపు మోత వినిపిస్తున్నది అక్కడే. నిజానికి అందులో మూడు గొంతులున్నాయి: కింద మంద్రం, పైన పాట, మధ్యలో నింపే స్వరాలు. మధ్యవాటిని కొన్నాళ్లు పక్కన పెట్టు. పై స్వరాలు మాత్రం వాయించు, వాయిస్తూ నోటితో పాడు. నీకు ఊపిరి ఎక్కడ అందడం లేదో, పాట ఆగాల్సిన చోటు అదే. ఆ తర్వాత బొటనవేలితో మంద్రం కలుపు. ఆ రెండూ కుదిరాకే మధ్య స్వరాలను, వినీవినిపించనట్టు, చేర్చు. పై స్వరం మీటినప్పుడు వేలు తీగను దాటి పక్క తీగ మీద ఆనాలి, అదే అపోయాండో. పాట నిండుగా పలికేది దానితోనే.

మన యానాం నుంచి వెళ్లినదానివి, ఆ పక్కనే ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారి వీణ విను. ఆయన శిష్యుడు, కాకినాడ చిట్టిబాబు గారిదీ విను. ఒక్క మీటు మీద ఎన్నేసి స్వరాలు పలికిస్తారో చూడు. గిటారు నైలాన్ తీగకు అంత ఆయుష్షు లేదు, మీటిన క్షణం నుంచే నాదం తగ్గిపోతూ ఉంటుంది. అందుకని ఒక స్వరాన్ని ఇంకోదానితో అతికించే భారం ఎడమచేతిది. తర్వాతి స్వరం పుట్టేదాకా మెట్టు మీద వేలు లేపకు. నీ రికార్డింగులో ప్రతి బారు చివరా చిన్న ఖాళీ వినిపిస్తోంది. వేళ్లు తొందరపడి ముందే లేచిపోతున్నాయి. స్వరం వణికించాలంటే వీణ మీద లాగినట్టు తీగను పక్కకు లాగకు. వేలు కదపకుండా, చేతిని తీగ పొడవునా ముందుకూ వెనక్కీ ఊపు.

రెండో మెట్టు మీద ఒకే వేలితో పలు తీగలు నొక్కే ‘బార్’ పట్టడానికి బొటనవేలితో నొక్కి చంపకు, షిఫ్టు చేసొచ్చిన మణికట్టు అది. చూపుడువేలును కాస్త పక్కకు ఒరిగించి, మెట్టును ఆనుకుని ఉంచి, చేతి బరువును వెనక్కి వదులు. నొప్పి పుడితే ఆపేయాల్సిందే, ఆ మాటలో మాత్రం నాకు ఎదురు చెప్పకు.

చరణం రెండోసారి వచ్చినప్పుడు కుడిచేతిని బ్రిడ్జి నుంచి కాస్త రంధ్రం వైపు జరిపి చూడు. అదే స్వరం మెత్తబడి, దూరం నుంచి వచ్చినట్టుంటుంది. ఈ రంగు మార్పు ఒకటి రెండు చోట్ల చాలు. అడుగడుగునా మారిస్తే విసుగు పుడుతుంది.

సముద్రపు గాలి ఊరది. అక్టోబరు నుంచి వానలు, తేమ. వాయించడం అయ్యాక తీగలు పొడిగుడ్డతో తుడిచి గిటారును పెట్టెలో పెట్టు.

స్టడీ మొత్తం పూర్తి చేయాలన్న పట్టుదల ఇప్పుడొద్దు. మొదటి ఎనిమిది బార్లు పాటలా పలికించి, సంక్రాంతికి వచ్చేటప్పుడు గిటారు వెంట తెచ్చుకో. అమ్మమ్మకు వినిపిద్దువుగాని.