కొయ్యలోని ముడి

పూర్వము గోదావరిపై తెప్పలుగా దిగివచ్చిన టేకు కొయ్యను చిత్రిక పట్టునపుడు ముడి యడ్డుపడినచో, తొందరపాటు వడ్రంగి కొయ్యను నిందించును. నేర్పరి తన యులికి పదును పెట్టుకొనును. ముడి యనగా నొకప్పుడు కొమ్మ మొలిచిన చోటు. అచ్చట నార వంకరపోవును గనుక బలిమిచే త్రోసిన పెచ్చులు లేచును. పలుచగా, ఇరువైపులనుండి త్రోయవలెను. పచ్చికొమ్మ ముడి పలకతో నేకమై నిలుచును. ఎండుకొమ్మ ముడి తుదకు వదులై యూడును; దానిని తీసి, ఆ రంధ్రమును మంచి చెక్కతో పూడ్చవలెను.

ఆచారములు నిట్టివే. సజీవమేదో, మృతమేదో పరీక్షింపక యన్నింటిని నఱకుట సంస్కారము గాదు. మృతమైనదానిని పూజించుట భక్తియు గాదు. వీరేశలింగముగారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాల స్థాపించిరి; 1879లో వితంతువివాహమునుగూర్చి యుపన్యసించిరి; 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించిరి. పలుమాఱు త్రోసిన పిదపనే ముడి కదలినది. పరుల మొండితనమును దూషించుటకు ముందు మన యులి పదును చూచుకొందము.