అయిదో కారణం

1950 ఆగస్టు 5 రాత్రి కాలిఫోర్నియాలోని ఫెయిర్‌ఫీల్డ్-సూసన్ వైమానిక స్థావరం నుంచి గ్వామ్ దీవికి బయలుదేరిన బి-29 బాంబర్ నేల వదులుతూనే చిక్కుల్లో పడింది. ప్రొపెల్లర్ మొరాయించింది, చక్రాలు ముడుచుకోలేదు. వెనక్కి తిప్పి దించబోతుంటే ఎడమ రెక్క వాలి కూలిపోయింది. మంటలు లేచిన సుమారు ఇరవై నిమిషాలకు లోపలున్న బాంబు పేలింది. అది అణుబాంబే. అణు పదార్థం మాత్రం అందులో అమర్చలేదు కనుక పేలింది రెండు టన్నులకు పైబడిన మామూలు మందుగుండు. విమానంలో 12 మంది, నేల మీద ఏడుగురు చనిపోయారు. మృతుల్లో బ్రిగేడియర్ జనరల్ రాబర్ట్ ట్రావిస్ ఉన్నారు, మంటలార్పడానికి పరుగెత్తిన వాళ్లూ ఉన్నారు. ఇలాంటి వార్త వినగానే మన నోట ‘అంతా విధి’ అనే మాట వస్తుంది. అంత తొందరగా ఆ మాట అనడానికి మన శాస్త్రమే ఒప్పుకోదు.

ఏ పని జరగడానికైనా భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం అయిదు కారణాలు చెప్పింది: ఆధారమైన చోటు, చేసేవాడు, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, అయిదోది దైవం. దైవమంటే ఇంద్రియాలకు తోడ్పడే సూర్యాది దేవతలని శంకరులు అన్నారు, లోపలుండి నడిపించే పరమాత్మ అని రామానుజులు అన్నారు. పట్టుతప్పిన ప్రమాదానికి మారుపేరని ఇద్దరిలో ఎవరూ అనలేదు. మిగిలిన నాలుగింటినీ విచారించాక కదా అయిదోదాని వంతు! ఆ రాత్రి బాంబును విమానానికి ఎక్కించిందెవరు? జూన్‌లో కొరియా యుద్ధం మొదలైంది కనుక దాన్ని గ్వామ్‌కు చేర్చాలని నిర్ణయించిందెవరు? పక్కనే సైనికుల కుటుంబాలు ట్రెయిలర్ ఇళ్లలో కాపురముంటున్న స్థావరం నుంచే పంపిందెవరు? ప్రొపెల్లర్ మొరాయించడం ఎవరూ కోరుకున్నది కాదు. అది మొరాయిస్తే ఏం పేలుతుందో నిర్ణయించింది మాత్రం మనుషులే.

కావాలని చేయనిదానికి కర్మ ఎలా అంటుతుందని అడగవచ్చు. మంచి ప్రశ్నే. జవాబు అయోధ్యకాండలో ఉంది. సరయూ తీరాన చీకట్లో వినిపించిన చప్పుడును ఏనుగు నీళ్లు తాగే చప్పుడనుకుని దశరథుడు బాణం వేశాడు, మునికుమారుడు నేలకూలాడు. తెలియక చేశావు కనుక బతికిపోయావన్న ఆ ముసలి తండ్రే, పుత్రశోకంతో చస్తావని శపించాడు కూడా. అంటే తెలియనితనం దోషాన్ని తగ్గిస్తుంది, తుడిచివేయదు. రాజు తప్పు గురి తప్పడంలో లేదు. కనబడనిదాని మీద బాణం వేయవచ్చనుకోవడంలో ఉంది.

సైనికుడి వృత్తే ప్రాణాపాయంతో కూడినది కదా అనేవారికి మన దేశంలోనే ఇంకో ఉదాహరణ ఉంది. 1970 జనవరి 10న బెంగళూరులో హెచ్ఎఫ్-24 మారుత్ యుద్ధవిమానాన్ని పరీక్షిస్తూ గ్రూప్ కెప్టెన్ సురంజన్ దాస్ టేకాఫ్‌లోనే మరణించారు. కొత్త విమానం ఎంత ప్రమాదమో ఆయనకు తెలిసినంతగా మరెవరికి తెలుస్తుంది? తెలిసే ఎక్కారు. ఆ మరణాన్ని స్వధర్మంలో మరణమని గౌరవించవచ్చు. ట్రెయిలర్ ఇళ్లలో గాయపడిన వాళ్లకు అలాంటి ఎంపిక లేదు. ఆ బి-29ది శిక్షణ ప్రయాణమని అమెరికా వైమానిక దళం అప్పట్లో చెప్పింది, లోపలున్నది ఏ బాంబో జనానికి చాలా ఏళ్లదాకా తెలియనే లేదు. నిజం దాచి ఒకరి నెత్తిన పెట్టిన ప్రమాదాన్ని వాళ్ల ప్రారబ్ధం అనడం దొంగ లెక్క.

బలమైన ఆక్షేపణ మరొకటుంది: ఆయుధం దాచి ఉంచడమే యుద్ధాన్ని ఆపుతుంది, అందుకు ఆ మాత్రం నష్టం తప్పదని. దీనికి జవాబు వెతకడానికి ఒక పాత పద్యం పనికొస్తుంది. తమిళనాడులోని ధర్మపురి పాతపేరు తగడూరు. దాన్నేలిన అదియమాన్ తరఫున కవయిత్రి అవ్వైయార్ తొండైమాన్ అనే రాజు దగ్గరికి దూతగా వెళ్లి, అతని ఆయుధశాలలో నెయ్యి పూసి దండలు వేసిన ఆయుధాల తళతళను మెచ్చుకుని, తన రాజువి మాత్రం యుద్ధంలో విరిగి కమ్మరి కొట్టంలో పడి ఉన్నాయని చెప్పిందని పురనానూరులో ఒక సంగం పద్యం ఉంది. మెప్పులోనే ఎంత చురక! వాడని ఆయుధం ఎవరినీ చంపదన్న ధీమా మీదే ఆ చురక నిలిచింది. ఈటెలకు అది చెల్లింది, అణ్వాయుధానికి చెల్లదు. వాడకుండానే, శత్రువు దరిదాపుల్లో లేకుండానే, అది తన వాళ్లనే చంపింది. అది యుద్ధాన్ని ఆపుతుందా లేదా అన్న వాదన ఎటు తేలినా, ఆ ఖర్చు ఎవరు భరించాలో వాళ్లనే అడగకుండా నిర్ణయించడం ధర్మం కాదు.

ఒకప్పుడు ఆ ధర్మపురి జిల్లాలో, ఇప్పుడు కృష్ణగిరి జిల్లాలో ఉన్న తొరపల్లిలో పుట్టిన రాజాజీ, గీత మీద పుస్తకం రాసిన మనిషి, ఎనభై మూడేళ్ల వయసులో 1962లో అమెరికా వెళ్లి అణుపరీక్షలు ఆపమని కెనడీని స్వయంగా కోరారు. దైవం మీద అంత నమ్మకమున్న వ్యక్తి ఆ పని దైవానికి వదిలేయలేదు. సూసన్ స్థావరానికి తర్వాత ట్రావిస్ పేరే పెట్టారు. నేల మీద పోయిన ఆ ఏడుగురి చావుకు మాత్రం విధిని సాక్షిగా పిలిచే హక్కు, బాంబు ఎక్కించమన్న వాళ్లకు లేదు.