ఆదిమం అంటే ఆగిపోయినదా?

ఏకకణ జీవుల పాఠం చెప్పేటప్పుడు మేము వాటిని ‘ఆదిమ జీవులు’ అంటాం. అదే మాట మన తెగలకూ ఉంది. చెంచులు, కోలాములు, కొండరెడ్లు 2006 వరకు ప్రభుత్వ కాగితాల్లో ‘ప్రిమిటివ్’ గ్రూపులే. ఆ తర్వాత ఇంగ్లీషు పేరు మార్చారు. తెలుగులో ఆ పాత మాట ఇంకా వినబడుతూనే ఉంది. ఆ మాటలో నిజమెంతో ముందు ఆ జీవుల దగ్గరే చూద్దాం.

భూమి వయసు సుమారు 450 కోట్ల సంవత్సరాలు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా రాళ్లలో దాదాపు 350 కోట్ల ఏళ్ల నాటి సూక్ష్మజీవుల జాడలున్నాయి. అప్పుడు గాలిలో ఆక్సిజన్ లేనట్టే. నీళ్లలోని సయనోబ్యాక్టీరియా ఎండను వాడుకుని తిండి చేసుకుంటూ ఆక్సిజన్‌ను వదిలాయి. సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట అది గాలిలో నిలవడం మొదలైంది. మనం పీల్చే ఊపిరి వాటి చలవే. ఇంకో వింత ఉంది. ఒక కణంలోకి వెళ్లిన బ్యాక్టీరియా అరిగిపోకుండా అక్కడే కాపురం పెట్టింది. మన కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా దాని సంతతే. 1967లో లిన్ మార్గులిస్ ఈ మాట రాస్తే చాలామంది నమ్మలేదు. ఇప్పుడది పాఠం.

ఇవాళ్టి బ్యాక్టీరియా మనకు తాత కాదు. దానికీ మనకూ తాత ఒకరే, ఆ తాత ఎప్పుడో పోయాడు. మనం మారుతూ వచ్చినన్నేళ్లూ అదీ మారుతూనే వచ్చింది. కొత్త మందులకు లొంగకుండా మన కళ్లముందే మారుతోంది కదా! ఒంటి కణంతో ఉన్నంత మాత్రాన అది నిన్నటిది కాదు. తేనె తీసే చెంచు కూడా ఇవాళ్టి మనిషే, పాతకాలం మిగిల్చిన నమూనా కాదు. మనలో కొందరు ‘ఆదిమ’ అని గర్వంగా చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి. మొదట వచ్చామనడం వేరు, మొదట్లోనే ఆగిపోయామనడం వేరు.

పాడేరు, అరకు వైపు కిల్లో వారు పులిని, పాంగి వారు గద్దను తమ వంశమంటారు. మన పెద్దలకు డి.ఎన్.ఎ. ముందే తెలుసని మేము చెప్పం, అది అబద్ధం. కానీ ఇతర ప్రాణులతో చుట్టరికం అనే మాట మన పిల్లలకు కొత్త కాదు. పాఠం అక్కడినుంచే మొదలుపెట్టవచ్చు.

కంది పూతకు రాకముందు ఒక మొక్క పీకి, వేళ్లమీది బుడిపెలు పిల్లలకు చూపించండి. గాలిలోని నైట్రోజన్‌ను మొక్కకు అందించే బ్యాక్టీరియా వాటిలోనే ఉంటుంది. గోటితో చీలిస్తే లోపల లేత ఎరుపు కనబడుతుంది.